పంటినొప్పి సాక్ష్యం

జూన్ 14

ఒరేయ్ జాబితా,

దవడ వాపు తగ్గిందా లేదా, ముందు అది రాయి. తర్వాత మిగతా సోది.

నువ్వు వెళ్లాక మంచం చూసి మీ బావ, "ఇది మనిషి పడుకుని లేచిన మంచమేనా, కొట్లో అమ్మకానికి పెట్టిందా" అన్నాడు. నొప్పితో ప్రాణం పోతున్నా దుప్పటి అంచులు కలిపి మడతపెట్టి మరీ వెళ్లావు. నీ బుద్ధి ఎక్కడికి పోతుంది.

కానీ ఆ రోజు మాత్రం మర్చిపోలేనురా. తెల్లారి బకెట్ నీళ్లు పారబోద్దామని తలుపు తీస్తే గడప మీద అడ్డంగా పడి ఉన్నావు. తలుపు తట్టొచ్చు కదరా అంటే నోరు తెరవలేక, జేబులోంచి కాగితం తీసి, "నిద్ర చెడగొట్టడం మర్యాద కాదని ఆగాను. రెండు రోజులుగా ఏమీ నమలలేదు. జ్వరం" అని రాసి చూపించావు. కాగితం మీద కూడా నంబర్లు వేశావు, ఒకటి, రెండు, మూడు అని. ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

గుమ్మంలోనే కూర్చోబెట్టి పాలలో రొట్టె నానేసి చెంచాతో పెడుతుంటే, మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లు ఇద్దరు అలాగే నిలబడి చూస్తూ ఉండిపోయారు. నిన్ను కాదు, గిన్నెని. చెరో గిన్నె వాళ్లకీ ఇచ్చాను. మర్నాడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చారు. ఇవాళ ఏడుగురు. "హోటల్ పెట్టావా, బోర్డు రాయించనా" అంటున్నాడు మీ బావ. బస్సు కండక్టరు నోరు కదా, ఊరుకోదు. కానీ పొద్దున్నే పాల డబ్బా మోసుకొచ్చింది ఆయనే.

డాక్టరు దగ్గరకి వెళ్లకుండా లవంగం పెట్టుకుని కూర్చున్నావో, నేనే వచ్చి పీకుతాను.

నీ అక్క


జూన్ 22

అక్కకు నమస్కారము.

నేను క్షేమము. పన్ను మాత్రం లేదు.

నీవు అడిగినవాటికి వరుసగా జవాబులు. ఒకటి, పన్ను తీయించుకొన్నాను. రెండు, జ్వరం విడిచినది. మూడు, నేను దుప్పటి మడతపెట్టినందుకు బావ నవ్విన సంగతి నాకు కొత్త కాదు. మీ పెళ్లినాడు నేను చెప్పులన్నీ జతలుగా పేర్చి పెట్టినందుకు కూడా ఆయన నవ్వారు.

వచ్చేవారికి పెట్టడం మంచి పని. అయితే గిన్నెలన్నీ ఒకే కొలతవి కొను. వాడికి ఎక్కువ, నాకు తక్కువ అన్న మాట పుట్టిన రోజున పెట్టిన చేతికే చెడ్డపేరు వస్తుంది. కాటాలు బాగుచేసే వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక చెబుతున్నాను; దుకాణాలలో నేను రోజూ చూసేది ఆ తగవునే.

ఒక సంతోషవార్త. మా యజమాని నగల దుకాణాల కాటాలను ఇకపై నాకొక్కడికే అప్పగించారు. వెంట్రుక వేసినా ముల్లు కదిలే కాటాలు అవి. చేయి వణకరాదు. ఊపిరి కూడా పక్కకు తిరిగి విడవవలసి ఉంటుంది. బడిలో ఎవరూ నేర్పని విద్యను నాకు నేనుగా నేర్చుకొని ఇంతవరకు వచ్చాను. ఈ మాట నీకు తప్ప వేరెవరికీ రాయలేను.

ఆ రోజు నీవు పెట్టిన పాలు, రొట్టె రుచి ఇంకా నోటిలో ఉన్నది.

తమ్ముడు


సెప్టెంబరు 2

తమ్ముడూ,

గిన్నెలన్నీ ఒకే కొలతవి కొన్నాను. నువ్వు చెప్పాక చేయకుండా ఉంటానా.

మన వీధి చివర ప్రార్థన మందిరం ఉంది కదా, అక్కడి పెద్దాయన వచ్చాడు. ఆయనంటే ఇక్కడ అందరికీ గురి. గుమ్మం ముందు బారు చూసి, కుర్చీ వేస్తానన్నా వద్దని గడప మీదే కూర్చున్నాడు. "ఇది ఎలా మొదలైందమ్మా" అని అడిగాడు. జరిగింది జరిగినట్టే మొదలుపెట్టాను. "మా తమ్ముడు ఇక్కడే పడి ఉన్నాడండీ. నోట మాట రావట్లేదు. నిలబడలేకపోతున్నాడు. ఇంత పాలూ రొట్టె పెట్టాను" అన్నాను. పన్ను దాకా వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. చెయ్యెత్తి ఆపాడు. "చాలమ్మా, మిగతాది దేవుడికి తెలుసు" అన్నాడు.

దేవుడికి తెలుసు సరే, ఆ వారం మందిరంలో ఆయన ఏం చెప్పాడో నాకు తెలీదు. మర్నాడు పక్కవీధి ఆవిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మా ఆయనా అంతేనమ్మా. తాగొచ్చి గడప దాటలేడు" అని గొల్లున ఏడ్చింది. నాకు విషయం తలకెక్కేలోపు పిండి బస్తా దింపించి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆవిడ వెనకాల పరిగెత్తి, మా వాడిది పన్నండీ అని చెప్పనా?

నువ్వు నవ్వుకుంటావనే రాశాను. మందిరం వాళ్లు ఆడవాళ్లని పంపుతున్నారు సాయానికి. మన వంటగది సరిపోవడం లేదు.

అక్క


సెప్టెంబరు 15

అక్కకు నమస్కారము.

నేను నవ్వుకోలేదు.

నా గురించి అక్కడ చెప్పబడుతున్న దానిలో సవరించవలసినవి ఇవి:

1. నేను మద్యం ముట్టినవాణ్ణి కాను. దగ్గుమందు సైతం వాసన చూసి పక్కన పెట్టేవాణ్ణి.

2. మాట రాకపోవడానికి కారణం వాపు.

3. నిలబడలేకపోవడానికి కారణం జ్వరం, ఆకలి.

4. గడప మీద పడుకోవడానికి కారణం మర్యాద.

ఈ నాలుగింటినీ పెద్దాయనకు చదివి వినిపించు. ఆయనంటే అందరికీ గురి అని నీవే రాశావు గనుక మిగిలినది ఆయనే చక్కబెడతారు. ఆ పక్కవీధి ఆవిడకు కూడా చెప్పు. పిండి తిరిగి ఇవ్వనక్కరలేదు. ఆకలికి పన్ను కారణమైనా మరొకటి కారణమైనా రొట్టె ఒకటే.

తమ్ముడు


జనవరి 20

బంగారం,

నీ ఉత్తరం పెద్దాయనకి ఇచ్చాను. చదివి నా వైపు జాలిగా చూశాడు. తర్వాత మందిరంలో నిలబడి అందరికీ చదివి వినిపించాడు. "చూశారా, లేచి నిలబడ్డవాడు తను పడ్డ చోటికేసి చూడలేడు. దీన్ని అబద్ధమనకండి. ఇది సిగ్గు. సిగ్గు తెలిసినవాడికే దేవుడు దగ్గర" అన్నాడు. జనం ఏడ్చారురా. నాలుగోది ఉంది చూడు, గడప మీద పడుకోవడానికి కారణం మర్యాద అని, అది షెడ్డు గోడ మీద నీలిరంగుతో రాయించారు. అక్షరాలు బాగా కుదిరాయి.

షెడ్డు అంటే, అవును, మనకిప్పుడు షెడ్డు ఉంది. పాత గోడౌన్‌కి రంగులేసి పొయ్యిలు కట్టించారు. పేరు తెరిచిన తలుపు సేవాసంఘం. అధ్యక్షురాలిని నేను. రోజూ సాయంత్రం వడ్డనకి ముందు షెడ్డు తలుపు మూసేస్తారు. బయట్నుంచి ఎవరో ఒకరు తడతారు. నేను తీసి, "లోపలికి రా నాయనా" అంటాను. అప్పుడే పళ్లేలు కదులుతాయి. ఇది ఆచారం అయిపోయింది. నాకు జలుబు చేసిన రోజున కూడా వేరేవాళ్లని తియ్యనివ్వలేదు. "అమ్మే తియ్యాలి" అన్నారు.

అమ్మ అంటున్నారు నన్ను. ఇంతకాలం పక్కింటి పిల్లలు కూడా కండక్టరు గారి ఆవిడ అనే అన్నారు. పిల్లల్లేని ఇంట్లో ఆ పిలుపు ఎలా ఉంటుందో నీకు రాసినా అర్థం కాదు.

మీ బావ ఒకసారి అందరి ముందూ, "మా బావమరిది దగ్గుమందు కూడా తాగడండీ" అన్నాడు. "ఆ రాత్రి మీరు డ్యూటీలో ఉన్నారు కదండీ" అన్నాడు పెద్దాయన, ఎంతో మెత్తగా. అప్పట్నుంచి మీ బావ పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్నాడు.

నువ్వు బుర్ర పాడుచేసుకోకు. అంత దూరంలో ఉన్నావు, నీకేం నష్టం?

నీ అక్క


మార్చి 8

అక్కకు నమస్కారము.

నష్టమేమిటని అడిగావు. రాస్తున్నాను.

మీ సేవాసంఘం శాఖ మా ఊళ్లో కూడా తెరిచారు. మా యజమాని అక్కడికి వెళ్లి నా కథ విని వచ్చారు. అప్పటినుండి ప్రతి ఉదయం నేను పనికి కూర్చోబోయే ముందు ఆయన నా భుజం మీద చేయి వేసి, నా ముఖానికి దగ్గరగా వచ్చి, "ఎలా ఉన్నావోయ్" అని అడుగుతారు. జవాబు కోసం కాదు, నోటి వాసన కోసం. తోటివారు నన్ను "మేలుకున్నవాడు" అని పిలుస్తున్నారు. నవ్వుతూనే పిలుస్తున్నారు గనుక తగవు పెట్టుకోవడానికి వీలులేదు.

ఇక అసలు విషయం. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడి ఆసుపత్రిలో దుప్పట్లు, గలేబులు కుట్టే ఒకావిడ ఉన్నది. పసిపిల్లలను తూచే కాటా బాగుచేయడానికి వెళ్లిన రోజున నేను తూనికరాళ్లు మరచిపోయి వెళ్లాను. నేను మరచిపోవడమన్నది ఏనాడూ జరగలేదు. ఆవిడ తన కుట్టుగది నుండి దారపు ఉండలు తెచ్చి, "ఇవన్నీ ఒకే బరువండీ, నేనే చూసి పెట్టుకున్నా" అన్నది. అవి నిజంగానే ఒకే బరువు. ఆ తరువాత ఆ కాటాను అవసరం లేకున్నా మూడుసార్లు సరిచూశాను.

ఆవిడ భర్త తాగి తాగి పోయాడు. నన్ను చేసుకోవడానికి ఆవిడ పెట్టిన షరతు ఒకటే: "ఇంట్లో ఆ వాసన ఉండకూడదు." నా గురించిన పుకారు ఆవిడ చెవిన కూడా పడినది. అది కట్టుకథ అని చెప్పాను. నమ్మింది. కానీ ఆవిడ అన్నగారు నమ్మలేదు. ఇద్దరూ ఈ నెలాఖరుకు నీ వద్దకు వస్తున్నారు. నీ నోటి నుండి వింటే చాలునట.

నీవు చెప్పవలసినది వాస్తవం మాత్రమే. ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పు. నాకు నలభై ఐదేళ్లు, అక్కా. ఇంకొకసారి ఎవరూ నా కోసం దారపు ఉండలు తీసుకొని రారు.

తమ్ముడు


ఏప్రిల్ 2

బంగారు తమ్ముడికి,

వచ్చారు, చూశాను. ఆవిడ చక్కగా ఉంది, నెమ్మది మనిషి. అన్నగారు మాత్రం మూతి బిగించుకుని కూర్చున్నాడు. సరిగ్గా పెద్ద ప్రార్థన ఉన్న రోజే వచ్చారు. ఇద్దర్నీ ముందు వరుసలో కూర్చోబెట్టాను.

నువ్వు రాసినట్టే ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. నీ అంతట నువ్వే చెప్పమన్నావని తెలిసి పెద్దాయన, "ఇదమ్మా, ఇన్నాళ్లకి ఒప్పుకున్నాడు" అని పొంగిపోయాడు. నన్నే లేచి చెప్పమన్నాడు. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదురా. నువ్వు నాలుగు సందులు పొర్లుకుంటూ రావడం, నా కాళ్లు పట్టుకోవడం, పాలలో రొట్టె తిన్నాక సీసాని గోడకేసి కొట్టడం, అన్నీ చెప్పాను. ఆవిడ తల దించుకుని ఏడ్చింది. మనసు కరిగిందనుకున్నాను. ఇలా మారిన మనిషి దొరకడం ఎంత అదృష్టమో ఆవిడకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

తినకుండానే వెళ్లిపోయారు. బస్సు టైమ్ అయిందన్నారు. పెళ్లి ఎప్పుడో రాయి. షెడ్డులోనే చేద్దాం.

నీ అక్క


ఏప్రిల్ 14

అక్కకు.

ఆవిడ నా గది బయటే నిలబడి మాట్లాడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"తాగేవాళ్లని చూశాను. మానేసినవాళ్లనీ చూశాను, మా ఆయన పదిసార్లు మానేశాడు. మీరు తాగారని కాదండీ నా బాధ. తాగలేదని నా కళ్లలోకి చూసి చెప్పారు చూడండి. మా ఆయన కూడా ఇంత పద్ధతిగానే చెప్పేవాడు, ఒకటి, రెండు, మూడు అని."

ఇంకేమీ అనలేదు. వెళ్లిపోయింది.

నగల దుకాణాల కాటాలు కూడా నా చేతి నుండి తీసివేశారు. బంగారం దగ్గర అనుమానం ఉండరాదట.

సీసా ఎక్కడిది, అక్కా? ఏ గోడ?

నాకు కావలసినది ఇది. వచ్చే మందిరం సభలో నీవు లేచి నిలబడి, "ఆ రోజు మా తమ్ముడికి పంటినొప్పి" అని చెప్పు. ఆ మాట చెప్పినట్టు పెద్దాయన చేత ఆవిడకు ఒక ఉత్తరం రాయించు. ఈ రెండు పనులు చాలు.

తమ్ముడు


ఏప్రిల్ 25

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావ చదివాడు. రెండ్రోజులుగా నాతో మాట్లాడట్లేదు. కాబట్టి నీతో కూడా ముసుగులో గుద్దులాట ఎందుకు, ఉన్నదున్నట్టే రాస్తాను.

నాకు తెలుసు. నీ దవడ నాకు గుర్తుంది, నువ్వు చూపించిన కాగితం గుర్తుంది. నేనేం మతి పోయినదాన్ని కాను. కానీ పంటినొప్పి కథకి పిండి బస్తా ఎవడిస్తాడురా? మొదటి నెలలో నిజం చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు చెబితే పొయ్యిలు ఆరిపోతాయి. ఇక్కడ రోజూ మూడొందల మంది తింటున్నారు. నీ ఒక్కడి పెళ్లి కోసం వాళ్ల పళ్లేలు లాగేయమంటావా? లాగేయమని రాయి, లాగేస్తాను. ఆ మాట నీ చేత్తో రాయి.

ఆవిడ ఒక మాటకే వెళ్లిపోయిందంటే రేపు ఇంకో మాటకి వెళ్లిపోయేది. ఒంటరిగా ఉండటం నీకు కొత్తా? నీకు మనుషులకంటే వరసలే ఇష్టం. చిన్నప్పుడు నేను ఏడుస్తుంటే నువ్వు గోళీలు రంగులవారీగా సర్దుకుంటూ కూర్చునేవాడివి.

జూన్‌లో వార్షికోత్సవం. పెద్దాయన నిన్ను వేదిక మీద చూడాలంటున్నాడు. వచ్చి నువ్వే చెప్పు, నీకు అంత పట్టుదలగా ఉంటే. ఇక్కడ తినే పిల్లల మొహాలు చూస్తూ చెప్పు.

అక్క


మే 6

అక్కకు.

వస్తాను. ఉత్సవం నాడు సాయంత్రం బండికి దిగుతాను. స్టేషనుకు ఎవరినీ పంపవద్దు.

తమ్ముడు


జూన్ 20

ఏం చేశావురా నువ్వు.

పెళ్లి చెడిందని కోపముంటే ఇంటికొచ్చి, తలుపేసి, నన్ను నాలుగు తిట్టాల్సింది. కొట్టినా పడేదాన్ని. అంతమంది ముందు, "తట్టాను. ఎవరు అంది. నేనక్కా అన్నాను. పో అంది" అని చెబుతావా? నా గొంతు కూడా పెట్టావు. ఆ పో అన్న మాట అచ్చం నాలాగే అన్నావు. ఎక్కడ నేర్చుకున్నావు?

నేను లేచి, "అబద్ధం, వాడు తట్టనే లేదు" అన్నాను. పెద్దాయన నా వైపు చూసిన చూపు ఉంది చూడు, అది నీ ఉత్తరం చదివినప్పటి చూపే. "కూర్చోమ్మా. ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. మీ తమ్ముడికి పట్టలేదూ" అన్నాడు.

రెండో రోజుకి ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని, "మేం కూడా ఒకప్పుడు తలుపులేసినవాళ్లమే తల్లీ" అని ఓదార్చడం మొదలుపెట్టారు. నన్ను ఓదారుస్తున్నారు.

మీ బావ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ ఒక్కటే అన్నాడు. "నువ్వు చెప్పింది నమ్మారు. వాడు చెప్పిందీ నమ్మారు. నేను చెప్పిందే ఎవడూ నమ్మలేదు." అని పడుకున్నాడు.

నాకు జవాబు కావాలి.


జూలై 3

అక్కకు నమస్కారము.

జవాబు అడిగావు.

నేను కాగితం మీద వాస్తవమే రాసుకొని వచ్చాను. మొదటి వాక్యం, "ఆ రోజు నాకు పంటినొప్పి." అది చదవగానే ముందు వరుస నవ్వినది. ఎగతాళి కాదు, ఆప్యాయంగా నవ్వారు, చిన్నపిల్లవాడు చెక్కిలిపై బెల్లం పూసుకొని తినలేదన్నప్పుడు నవ్వినట్టు. వెనుక నుండి ఒక పెద్దావిడ, "పాపం, ఇంకా దాస్తున్నాడు" అన్నది. రెండవ వాక్యం చదివాను. మరింత నవ్వారు. ఒకామె తన కొడుకును ముందుకు నెట్టి నా పాదాల మీద పడవేసినది. ఆ కుర్రవాడు నిజంగానే తాగి ఉన్నాడు.

అప్పుడు పెద్దాయన నా వీపు నిమిరి, "సరే నాయనా, పన్నే అనుకుందాం. మరి తలుపు ఎవరు తీశారు?" అని అడిగారు. అందరూ నీ వైపు తిరిగారు. నీవు అప్పటికే రుమాలు కళ్లకు అద్దుకొని సిద్ధంగా కూర్చొని ఉన్నావు.

కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాను. "తీయలేదండీ" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

అది నేను పుట్టిన తరువాత ఆడిన మొదటి అబద్ధం. నా జీవితంలో ఒకే మాటను ఇందరు ఒకేసారి నమ్మడం కూడా అదే మొదటిసారి. ఆ తరువాతి మాటలు నేను వెతుక్కొనవలసిన అవసరం రాలేదు, అవే వచ్చాయి.

తమ్ముడు


సెప్టెంబరు 9

నాన్నా, తమ్ముడూ,

ఇది కోపంతో రాస్తున్నది కాదు. కోపం అయిపోయింది.

అధ్యక్షురాలిగా నన్ను తీసేశారు. మర్యాదగానే తీసేశారు, శాలువా కూడా కప్పారు. ఇప్పుడు పెద్దాయన మరదలు చూస్తోంది. నా పని ఇప్పుడు తలుపు దగ్గర మాత్రమే. ఆచారం మార్చారు. మొదటిసారి తట్టినప్పుడు నేను తీయకూడదు. లోపల్నుంచి, "పో" అనాలి. వినపడేలా అనాలి. అని మోకాళ్ల మీద పడి ఏడవాలి, రెండోసారి తట్టాక అప్పుడు తీయాలి. మొదట్లో ఏడుపు రాకపోతే మరదలు, "ఇంకొంచెం మనసు పెట్టండి వదినగారూ" అనేది. ఇప్పుడు చెప్పక్కర్లేదు, దానంతటదే వస్తోంది.

మొన్న సాయంత్రం ఏమైందో విను. తట్టారు. పో అన్నాను. రెండోసారి తట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాను. లోపలంతా పళ్లేలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. చివరికి నేనే తీస్తే ఎవరూ లేరు. ఆ రోజు తట్టాల్సినవాడు బీడీ కోసం పక్కకి వెళ్లాడట. ఈలోగా ఎవరో ఆడమనిషి చంటిపిల్లని ఎత్తుకుని వచ్చిందని, తలుపు తట్టి, ఓ నిమిషం ఉండి, తిరిగి వెళ్లిపోయిందని ఎదుటి కొట్టువాడు చెప్పాడు. కొత్త మనిషి. ఇది ఆచారమని ఆమెకేం తెలుసు? ఆకలేసి వచ్చింది, లోపల్నుంచి పో అన్నారు, వెళ్లిపోయింది.

ఎవరినైనా పంపండి, దూరం పోయి ఉండదు అన్నాను. "ముందు వడ్డన కానివ్వమ్మా, అందరూ కూర్చున్నారు" అన్నాడు పెద్దాయన. నేనూ మీ బావా బస్టాండు దాకా వెతికాం. కనపడలేదు. మర్నాడూ రాలేదు. నాకు ఆ పిల్ల మొహం కూడా తెలీదు, చూడనిదాని మొహం కళ్లముందు ఎలా తిరుగుతోందో నాకే తెలీదు.

నాకు అధ్యక్ష పదవి వద్దు. శాలువా తిరిగిచ్చేస్తాను. ఒక్క ఉత్తరం రాయి. అక్క తలుపు మూయలేదు, నేను తట్టలేదు అని నీ చేతిరాతతో రాయి, అది అందరికీ తెలిసిన చేతిరాత. ఆ పో అన్న మాట ఒక్కటి నా నోట్లోంచి తీయించు. వచ్చే నెల దాతల సభ. పై ఊళ్ల నుంచి పెద్దవాళ్లంతా వస్తారు. ఆ రోజు కూడా అది నాతో అనిపించకు.

నీ దారపు ఉండల ఆవిడ దగ్గరికి నేనే వస్తాను. కాళ్లు పట్టుకుని నిజం చెబుతాను. నమ్మేదాకా గుమ్మంలో కూర్చుంటాను.

నీ అక్క


సెప్టెంబరు 28

అక్కకు నమస్కారము.

నీ ఉత్తరం అందినది. ఒక్కొక్క విషయానికీ జవాబు రాస్తున్నాను.

ఆవిడ కోసం నీవు రావద్దు. ఆవిడ ఈ ఊరు విడిచి అన్నగారి వద్దకు వెళ్లినది. చిరునామా ఎవరూ ఇవ్వడం లేదు. అడిగేది నేనని తెలిసినప్పుడు అసలే ఇవ్వడం లేదు.

నేను దుకాణం మానివేశాను. ఇక్కడి శాఖవారు నన్ను తీసుకొన్నారు. ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పడం నా పని. పొద్దున ఎవరూ నా నోరు వాసన చూడరు. సాక్ష్యాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో గుర్తులు పెట్టుకొని చక్కగా తయారుచేశాను. చోటుచోటుకూ మారదు. అందరూ మెచ్చుకొంటున్నారు.

చంటిపిల్లతో వచ్చిన స్త్రీ గురించి శాఖలన్నిటికీ తెలియజేశాను. అటువంటిది మరల జరగకుండా తలుపు పక్కన ఒక పలక పెట్టించమని పెద్దాయనకు రాశాను. "మొదటిసారి పో అన్నచో వెళ్లిపోవద్దు" అని దాని మీద ఉంటుంది. చదవడం రానివారి కోసం ఏమి చేయాలన్నది ఇంకా ఆలోచించలేదు.

నీవు కోరిన ఉత్తరం రాశాను. అబద్ధమాడానని, నీవు తలుపు మూయలేదని, నేను తట్టనే లేదని రాసి, సంతకం చేసి పంపాను. నీ మాట కాదనలేదని నీకు తెలియాలి. పెద్దాయన తిరుగు టపాలో జవాబిచ్చారు. తనను గెంటివేసిన అక్కను కాపాడుకొంటున్న తమ్ముడి హృదయమట అది. దాతల సభలో చదివి వినిపిస్తారట. ఇంకొకటి రాయమన్నా రాస్తాను. దాని గతీ ఇదే అవుతుంది.

ఆ సభకు నన్ను కూడా పిలిచారు. ఆ సాయంత్రం తలుపు తట్టేది నేను. నీవు పో అన్న తరువాత రెండవసారి ఎప్పుడు తట్టాలన్నది పెద్దాయన నాకే విడిచిపెట్టారు. నేను తట్టేవరకు నీవు మోకాళ్ల మీద నుండి లేవరాదట, వడ్డన మొదలు కారాదట. నేను ఏ పనైనా ఎంత నిదానంగా చేస్తానో నీకు తెలుసు గనుక, ఆ రోజుకు మోకాళ్ల కింద దుప్పటి ఏదైనా మడతపెట్టి వేయమని బావతో చెప్పు.

తమ్ముడు